బాడుగ గడిలో నేను రాసిన అంకె

నంద్యాల బస్టాండు దగ్గర మందుల షాపు పైన ఒక గది ఉంది. ఇరవై ఏళ్లుగా ఆ గదిలో కూర్చుని జనానికి ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు వేస్తున్నాను. ఆళ్లగడ్డ, సంజామల, డోన్ నుంచి టీచర్లు వస్తారు. జులై నెలలో మెట్ల మీద కూడా కూర్చుంటారు. నాకు కోపమెక్కువని వాళ్లందరికీ తెలుసు. సొంత మామ ఇంట్లో ఉంటూ బాడుగ కడుతున్నట్టు దొంగ రసీదులు పట్టుకొచ్చిన సార్లను నిలబెట్టి కడిగేసేవాణ్ణి. "నా దగ్గర దొంగ లెక్కలు నడవవు సార్, ఎత్తుకోండి మీ కాగితాలు" అనేవాణ్ణి. ఆ మాట అనేటప్పుడు ఎంత నిక్కేవాణ్ణో తలుచుకుంటే ఇప్పుడు తల కొట్టేసినట్టుంటుంది.

రిటర్నులు కాక ఇంకో పని కూడా చేసేవాణ్ణి. దానికి డబ్బు తీసుకునేవాణ్ణి కాదు. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం వచ్చినవాళ్లు వచ్చి, "జీతం ఎక్కువే గానీ, ఆడ మిగుల్తాదా అన్నా?" అని అడిగేవాళ్లు. తెల్ల కాగితం మధ్యలో గీత గీసి, ఒక పక్క ఇక్కడి లెక్క, ఒక పక్క అక్కడి లెక్క రాసిచ్చేవాణ్ణి. పైన జీతం, కింద పన్ను, బాడుగ, తిండి, ప్రయాణాలు. అన్నిటికన్నా కింద మిగులు. ఆ కాగితం చూసి ఊళ్లు మారినవాళ్లున్నారు, మానుకున్నవాళ్లున్నారు.

నా చెల్లెలు నర్సు. నాకంటే పదేళ్లు చిన్నది. ఆరేళ్ల కిందట ఆమె, అమ్మ ఆళ్లగడ్డలో ఒక బాడుగ ఇంట్లో ఉండేవాళ్లు. పెళ్లి మాట ఎత్తితే ముందు నా కాళ్ల మీద నన్ను నిలబడనీండి అనేది. పొద్దున బస్సెక్కి నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వచ్చి, డ్యూటీ చేసి, సాయంత్రం బస్సుకు వెనక్కి పోయేది. నెలకు పదకొండు వేలు. అమ్మకు షుగరు. పొద్దున ఒక సూది, రాత్రి ఒక సూది. రెండూ చెల్లెలే వేసేది.

ఒకరోజు డ్యూటీ దిగి నేరుగా నా గదికి వచ్చింది. చేతిలో జిప్పు కవరు వేసిన బైబిలు. మా ఇంట్లో ముఖ్యమైన కాగితాలన్నీ బైబిల్లోనే ఉంటాయి. హాల్ టికెట్టయినా, డాక్టరు రిపోర్టయినా అందులో పెట్టి ప్రార్థన చేశాకే ముందడుగు. జిప్పు తీసి ఉద్యోగం ఉత్తరం నా ముందు పెట్టింది. బెంగళూరులో పెద్ద ఆసుపత్రి.

"నెలకు ఇరవై ఎనిమిది వేలంటన్నా. పోదామనుకుంటాండా. ఆ ఊర్లో ఖర్చులు యెట్లుంటాయో, టాక్సులు యెంత పడ్తాయో నాకేం తెల్సు? నువ్వు రాసియ్యి."

"రాస్తాలే పాపా."

"ప్రార్థన చేసుకున్యా అన్నా. నీ కాగితంలో మిగులు వస్తే పొమ్మని, రాకుంటే ఉండమని. యేదొచ్చినా ప్రభువు చిత్తమే అనుకుంటా."

ఈ మాట విన్నాక కూడా నేను చేసిన పని చేశాను. అందుకే ముందుగా దీన్నే చెబుతున్నాను.

చెల్లెలు పోతే అమ్మ నా దగ్గరికి రావాలి. నాది రెండు గదుల బాడుగ ఇల్లు. ఒక గదిలో పిల్లల చదువులు. పొద్దున, రాత్రి సూది ఎవరు వేయాలి? నా భార్య ఒప్పుకోదనుకున్నాను. ఆమెను అడగలేదు. అడిగితే ఒప్పుకుంటుందేమోనన్న భయం కూడా లోపల ఎక్కడో ఉండి ఉంటుంది. నా సుఖం చెడుతుందని భయపడ్డాను, అంతే. దానికి వేరే పేరు పెట్టడం దేనికి.

కాగితం మీద గీత గీశాను. ఆ ఆసుపత్రికి హాస్టల్ ఉందని, ముగ్గురికి ఒక గది, తిండితో కలిపి ఐదు వేలని చెల్లెలే చెప్పింది. నేను బాడుగ గడిలో పద్నాలుగు వేలు రాశాను, ఆమె ఒక్కతే విడిగా ఇల్లు తీసుకుంటుందన్నట్టు. బెంగళూరులో ఇంటికి పది నెలల అడ్వాన్సు అడుగుతారు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అది తిరిగొస్తుంది. నేను దాన్ని పన్నెండు భాగాలు చేసి ఖర్చు కింద వేశాను. ఇక పన్ను. ఆమె ఆదాయానికి, చిన్న జీతాలకు ఇచ్చే రిబేటు పోను ఒక్క రూపాయి కూడా పడదు. ప్రతి టీచరుకూ నేను మొదట చెప్పే మాటే అది. ఆ రిబేటు వదిలేసి ఏడాదికి పద్దెనిమిది వందలు పన్ను రాశాను. అంత చిన్న అంకెను కూడా వదలలేదు. చివరికి నెలకు ఐదు వేలు లోటు తేలింది. కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు కొట్టాను.

చెల్లెలు నిలబడే చదివింది.

"హాస్టల్ ఉండాది గదన్నా?"

"హాస్టల్లో యెన్ని దినాలుంటావు పాపా? నాలుగు నెల్లకే విసుగొస్తాది. అప్పుడన్నా ఇల్లు తీసుకోవల్ల గదా."

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బైబిల్లో పెట్టుకుంది. "సరేలే, ప్రభువు చిత్తం" అంది. నేను టీ తెప్పించాను. తాగి, ఆళ్లగడ్డ బస్సుకు పోయింది.

మూడేళ్లు గడిచాయి. అమ్మ కాలికి పుండు పడింది. నంద్యాలలో రోజు విడిచి రోజు కట్టు కట్టించాలి. ఆళ్లగడ్డ ఇల్లు ఖాళీ చేసి అమ్మను నా ఇంటికి తీసుకురాక తప్పలేదు. పిల్లల పుస్తకాలు వసారాలోకి జరిగాయి. నా భార్య రెండు రోజుల్లో సూది వేయడం నేర్చుకుంది. అమ్మ, ఆమె కలిసి చిక్కుడుకాయలు ఒలుస్తూ నన్ను ఎగతాళి చేసేవాళ్లు. ఒకనాడు ఉండబట్టలేక నా భార్యతో, "నువ్వు ఒప్పుకోవనుకుంటి, లేకుంటే అప్పుడే అమ్మను పిల్చుకొస్తాంటి" అన్నాను.

"యెప్పుడడిగినావు నన్ను?" అంది. "నీకు నువ్వే అనుకుంటివి."



అమ్మ నా ఇంటికి వచ్చాక చెల్లెలు ఆ బెంగళూరు ఆసుపత్రికి ఫోన్ చేసింది. ముప్పై దాటినవాళ్లను తీసుకోవడం లేదన్నారట. ఆమెకు ముప్పై ఒకటి. నా ఇంట్లో చోటు చాలక, తన ఆసుపత్రి దగ్గరే ఒక గది తీసుకుంది. నంద్యాల జిల్లా అయినాక బాడుగలు పెరిగిపోయాయి. ఆ ఒక్క గదికి ఐదున్నర వేలు, కరెంటు బిల్లు వేరు. బెంగళూరు హాస్టల్ కంటే ఐదు వందలు ఎక్కువ, పైగా తిండి లేదు. ఈ లెక్క మాత్రం నేను ఎవరూ అడగకుండానే వేసుకున్నాను, చాలాసార్లు.

ఇంకోటి కూడా గమనించాను. ఒకప్పుడు చర్చిలో పాటలకు ముందు వరసలో నిలబడే పిల్ల, వెనక వరసలో తలుపు దగ్గర కూర్చుని ఆఖరి ప్రార్థన కాకముందే లేచిపోయేది. నైట్ డ్యూటీల అలసట అనుకున్నాను. అలా అనుకుంటే నాకు సుఖంగా ఉండేది.

పోయిన నెలలో చెల్లెలు ఒక నర్సు పిల్లను వెంటబెట్టుకుని నా గదికి వచ్చింది. తనతో పాటే పనిచేస్తుందట, ఇరవై మూడేళ్లుంటాయి.

"ఈ పాపకు బెంగళూరులో ఉద్యోగం వచ్చిందన్నా. ముప్పై ఐదు వేలు. పోవల్లనో వద్దో తేల్చుకోలేకుండా ఉంది. నాకు రాసిచ్చినట్లే ఒక కాగితం రాసియ్యి."

బైబిల్ జిప్పు తీసి పాత కాగితం బల్ల మీద పరిచింది. మడతల దగ్గర చిరుగులు పట్టింది. ఎర్ర గీతలు అట్లాగే ఉన్నాయి. "ఇట్ల రాస్తే బాగా అర్థమయితాదని తెచ్చినా" అంది.

కొత్త కాగితం తీసుకుని గీత గీశాను. జీతం రాశాను. బాడుగ దగ్గర చెయ్యి ఆగింది. పద్దెనిమిది వేలు అని రాస్తే చాలు, రెండు కాగితాలూ ఒకే మాట చెబుతాయి. నా తప్పు దాగిపోతుంది. ఈ పిల్ల ఇక్కడే ఉండిపోతుంది. ఆ ఆలోచన వచ్చింది, రాలేదని అబద్ధమాడను.

"సార్, ఆడ హాస్టల్ ఉండాదంట," అంది ఆ పిల్ల. "ముగ్గురికొక రూము."

హాస్టల్, తిండితో కలిపి ఏడు వేలు అని రాశాను. అడ్వాన్సు లేదు. ఆదాయపు పన్ను సున్నా. వృత్తి పన్ను రెండు వందలు. ప్రయాణాలకు, చిల్లర ఖర్చులకు ఆరు వేలు తీసేసినా నెలకు ఇరవై ఒక్క వేలకు పైనే మిగిలింది.

చెల్లెలు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంది. వేలు ఒక్కో గడి మీదుగా కిందికి దిగింది.

"హాస్టల్ నాకూ ఉన్నింది గదన్నా."

"ఉన్నింది."

"ఈ అడ్వాన్సు దుడ్లు వెనక్కిస్తారా?"

"ఖాళీ చేసేటప్పుడు ఇస్తారు."

"ఈ పద్దెనిమిది వందల టాక్సు?"

"పడదు. నీకూ పడేది కాదు."

ఆ పిల్లకు ఏమీ అర్థం కాక ఇద్దరి మొహాలూ చూస్తోంది. అమ్మ సంగతి, ఇంటి సంగతి చెప్పుకుందామనుకున్నాను. ఏ మాట ఎత్తబోయినా నన్ను నేను కాపాడుకునేదే అయింది. "తప్పు చేసినా పాపా" అన్నాను. ఆరేళ్లు ఆలస్యంగా వచ్చిన మాట అది.

చెల్లెలు కొత్త కాగితం మడిచి ఆ పిల్ల చేతిలో పెట్టింది. "పో మే, బేగా టికెట్ చేసుకో. ఇంక యెవుర్నీ అడగొద్దు" అంది. ఆ పిల్ల మెట్లు దిగి వెళ్లిపోయింది.

నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. బైబిలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని, మెల్లగా మాట్లాడింది.

"ఆరేండ్లు ప్రభువు మీద అలిగినానన్నా. నన్ను యెందుకు పోనీయకపోతివని దినామూ అడుగుతాంటి. ఆయన మాత్రం యేం చెప్తాడు పాపం."

జిప్పు మూసుకుని లేచింది. పాత కాగితాన్ని నా బల్ల మీదే వదిలేసి వెళ్లింది.