మగ్గం వినడానికి వచ్చినావిడ

నా చిన్నప్పుడు సోలాపూర్ దాజీ పేట్‌లో మా గల్లీ అంతా పవర్‌లూమ్‌ల మోతే. ఆ మోతలో చేతిమగ్గం మిగిలింది మా ఇంట్లో ఒక్కటే. మా తాతయ్య దాని గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడంటే అన్నానికి పిలిచినా ఒక పట్టాన లేచేవాడు కాదు. కానీ గడపలో ఎవరి చెప్పులు కనబడినా చాలు, పోగుల మధ్య అటూ ఇటూ విసిరే నాడె పక్కన పెట్టి మగ్గం ఆపేసేవాడు. మనిషి వచ్చాక కూడా మగ్గం నడిస్తే వెళ్ళిపొమ్మన్నట్టే లెక్క మా ఇంట్లో. ఏం పని మీద వచ్చారని అడగడం అంతకన్నా తప్పు.

అలాంటి ఇంటికి ఒక చలికాలంలో స్వీడన్ నుంచి ఒకావిడ వచ్చింది. వయొలిన్లకూ పెద్ద పెద్ద వాద్యబృందాలకూ సంగీతం రాయడం ఆవిడ పని. తాను పాడదు, వాయించదు. కాగితం మీద రాస్తే వేరేవాళ్ళు వాయిస్తారట. బీడీలు చుడుతూ ఇది విన్న మా అమ్మ, "పాడకుంట పాటెట్ల చేస్తదే?" అని నవ్వింది.

బొంబాయిలో ఏదో కచేరీకి వచ్చి, సోలాపూర్‌లో మగ్గాలున్నాయని తెలిసి ఇటు వచ్చిందట. ఇంగ్లీషు వచ్చునని పక్కింటి అక్కను తోడు తెచ్చుకుంది. అక్కది బడిలో నేర్చిన ఇంగ్లీషు. మగ్గం వినాలి అని ఆవిడ అంటే, మగ్గాన్ని వినడమేమిటి, తన చెవిదే తప్పనుకుంది. "మగ్గం గురించి వినాలెనంటున్నది తాతా" అని సర్ది చెప్పింది.

తాతయ్యకు అంతకన్నా కావలసిందేముంది. మగ్గం ఆపి, చాయ్ తెప్పించి, మొదలుపెట్టాడు. తన తండ్రి తెలంగాణ నుంచి ఇక్కడికి ఎట్లా వచ్చిందీ, చద్దర్ దుప్పటి మీద పువ్వు ఎట్లా దిగేదీ, అన్నీ చెప్పాడు. ఆవిడ ఒళ్ళో టేప్ రికార్డర్ పెట్టుకుని ఓపికగా వింది. మర్నాడు మళ్ళీ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. కరెంటు పోయి పవర్‌లూమ్‌లన్నీ ఆగిన వేళ చూసుకుని వచ్చేది. మా ఇంటికి కాస్త ఇవతలే ఆగి, గోడ పక్కన ఊరికే నిలబడేది. ఎందుకో మాకు అంతుపట్టేది కాదు. ఆవిడ లోపలికి అడుగు పెట్టగానే మగ్గం ఆగేది. ఒక్క క్షణం ముఖం చిన్నబోయేది, వెంటనే నవ్వేసేది. పెద్దాయనను పని చెయ్యమనడం బాగుండదని ఆవిడా నోరు విప్పలేదు.

వెళ్ళిపోయే రోజు వచ్చింది. వాళ్ళ దేశంలో చలి ఎక్కువని తాతయ్య పొద్దున్నుంచి తల ఎత్తకుండా నేసి, మగ్గం మీద ఉన్న పడుగు నూలంతా అయిపోగొట్టి, చద్దర్ కోసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని చెంపకు ఆనించుకుంది. తర్వాత చాలా మొహమాటంగా, వెళ్ళేలోపు ఒక్కసారి మగ్గం నడుపుతారా అని అక్కతో అడిగించింది. వాళ్ళమ్మ ఇంట్లో మగ్గం నేసేదట. ఆ మగ్గం పక్కనే ఆడుకుని, అక్కడే నిద్రపోయి పెరిగిందట ఈవిడ. అమ్మ పోయింది, మగ్గాన్ని ఎవరికో ఇచ్చేశారు. అమ్మ కోసం ఒక సంగీతం రాస్తున్నాననీ, ఆ చప్పుడు మళ్ళీ మగ్గం పక్కనే కూర్చుని వింటే తప్ప రాయలేకపోతున్నాననీ చెప్పింది.

అక్క తెల్లబోయింది. తాతయ్య గుంటలోకి దిగి మగ్గం తొక్కాడు. నూలు లేని మగ్గం, కర్ర కిర్రుమంది, అంతే. మళ్ళీ పడుగు ఎక్కించడం రోజులు పట్టే పని, ఆవిడ బండి సాయంత్రమే.

"పొద్దుగాల్నే చెప్తే నడ్పుతుంటి గదమ్మా. నీ కోసమనే కోసిన" అన్నాడు. అక్క ఆ మాటను ఇంగ్లీషులో చెప్పలేకపోయింది. అప్పటి తాతయ్య ముఖం తలుచుకుంటే నాకు ఇప్పటికీ దుఃఖం వస్తుంది.

మరుసటి ఏడు మా ఇంట్లోనూ మగ్గం తీసి పవర్‌లూమ్ పెట్టారు. ఆ తర్వాత ఆవిడ రాసిన సంగీతం క్యాసెట్‌గా అక్కకు వచ్చింది. కరెంటు పోయినప్పుడు బ్యాటరీల టేప్‌లో వేసుకుని అందరం విన్నాం. వయొలిన్ తీగలు ఎక్కడో దూరంగా టకటకమంటూ మొదలయ్యాయి. దగ్గరికి వస్తూ, ఇంకా దగ్గరికి వస్తూ, ఠక్కున ఆగిపోయాయి. ఆ పైన ఎంతసేపటికీ చప్పుడు లేదు. టేప్ పాడైందేమోనని అమ్మ చెయ్యి చాపింది. తాతయ్య వద్దన్నాడు.

"ఉండు. ఇంట్లకొచ్చిందామె" అన్నాడు, కండువాతో కళ్ళు తుడుచుకుంటూ.

ఆ రోజు నుంచి తాతయ్య పద్ధతి మారింది. ఇంటికి ఎవరొచ్చినా, "ఏం గావాలెనో మొదాలు అది చెప్పు బిడ్డా" అనేవాడు. అప్పటికి ఆపడానికి మగ్గం లేదు.

ఇప్పుడు నేనూ అట్లాగే అడుగుతాను. ఇంటికొచ్చినవాళ్ళను అట్లా అడుగుతారా అని నా కోడలు సణుగుతూ చాయ్ పెట్టబోతుంది. చాయ్ ఎనక పెట్టు తల్లీ, ముందు నన్ను అడగనీ, అంటాను.