గడ్డిలో పెట్టిన బండి

ఇంజిన్ ఆపితే వేడి తగ్గుతుందని అరవై రెండేళ్ళు నమ్మాను. ఆపాకే అసలు వేడి మొదలవుతుందని మా బండిల్లు నేర్పింది.

పాత వ్యాన్ ఒకటి కొని, వెనక మంచం, గ్యాసు పొయ్యి, చిన్న అలమరా బిగించుకుని ఊళ్ళు తిరగాలన్నది నా ముచ్చట. ఆ వ్యాన్‌లో ఇంజిన్ ముందు సీట్ల మధ్యే, ఒక రేకు మూత కింద ఉంటుంది. నడుస్తున్నంతసేపూ గాలి తగిలి బుద్ధిగానే ఉంటుంది. ఆపామా, గంటా గంటన్నర ఆ మూత ఇంట్లోకి సెగలు కక్కుతుంది. అందరి ఇళ్ళలో పొయ్యి ఆర్పితే ఆరుతుంది. మాది ఆర్పాక అంటుకుంటుంది.

రోహిణి కార్తెలో బయల్దేరడం కూడా నా తెలివే. రోళ్ళు పగిలే ఎండలంటారు. మా వ్యాన్‌లో రోలు లేదు కాబట్టి పగలడానికి మా ఆవిడ సహనం ఒక్కటే దొరికింది. జి. కొండూరులో బండి ఆపిన రాత్రి ఆమెకు కళ్ళు తిరిగాయి. తెల్లారేదాకా మెట్టు మీద కూర్చుని, కొంగుతో విసురుకుంటూ, తేల్చి చెప్పింది.

"ఇవాళ కూడా ఇంతే అయితే రేపు నేను బస్సెక్కుతాను. మీరూ మీ కుంపటీ తిరగండి."

కోపంగా అనలేదు. అదే నన్ను భయపెట్టింది. ఇల్లు కదులుతోంది గాని ఇల్లాలు కదలనంటోంది. ఆమె లేకుండా ఈ ఊరేగింపు నాకెందుకు?

అందుకని నా బుర్రకు పదును పెట్టాను. ఆ పదునుకి తెగేది ఎప్పుడూ నేనే. ఐసుగడ్డను ఊకలో దాచినట్టు వేడిని గడ్డితో ఆపవచ్చు గదా అనిపించింది. ఒక పశువుల పాక దగ్గర ఎండుగడ్డి అడిగి తెచ్చి, రెండు గోనెసంచుల్లో కుక్కి, ఇంజిన్ మూత మీద పరిచాను. బండి ఆపగానే బయటి వేడి గాలి రాకుండా ముందు తలుపులూ అద్దాలూ బిగించాలని కూడా తీర్మానించాను.

ఆ సాయంత్రం నూజివీడు దాటాక, తెలిసిన రైతును ఫోనులో అడిగి ఆయన మామిడితోటలో ఆగాం. ఆగగానే అనుకున్నట్టే ముందువైపు అన్నీ బిగించాను. కోతలు జోరు మీదున్నాయి. తాటాకు పాకలో కాయలు ఏరుతున్న ఒక పెద్దావిడ, మా బండిని చూడ్డానికి లేచి వచ్చింది. తోటకి కాపలా వాళ్ళ కుటుంబమే. తలుపు తీసి చూపించాను. ఆవిడ చూపు మంచం మీద నిలవలేదు, పొయ్యి మీద నిలవలేదు.

"ఆ సంచులేంటండి బాబుగారూ?"

"ఇంజిన్ వేడి లోపలికి రాకుండా గడ్డి పెట్టానమ్మా."

"మేం కాయల్లో వేడి పోకుండా పెడతామండి గడ్డి." పెద్దావిడ మా ఆవిడ వైపు తిరిగింది. "అమ్మగారిని మాగేస్తున్నారా ఏంటి?"

"మాగడం ఎప్పుడో అయిపోయింది పెద్దమ్మా," అంది మా ఆవిడ. "ఇప్పుడు కుళ్ళబెడుతున్నారు."

రెండు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు. నేను సంచి ఎత్తాను. అడుగువైపు గోనె ముదురు గోధుమరంగుకి తిరిగి ఉంది. వేగిన గడ్డి వాసన వచ్చింది. ఇంకొన్ని మైళ్ళు నడిపి ఉంటే ఏమయ్యేదో ముగ్గురికీ తెలిసింది. రెండు సంచులూ బయటికి లాగేశాను.

పెద్దావిడ అరచెయ్యి తిప్పి, వేళ్ళ వెనకవైపు మూతకి దగ్గరగా పెట్టింది. తాకలేదు.

"ఇంకా ఎక్కుద్దండి ఇది. పైన చల్లారినట్టుంటది గాని లోపలి వేడి ఇంకా బయటికి రాలేదు. ఎండలో కోసిన కాయా అంతేగా. నీడలో పెట్టినా కాసేపు ఉడుకుద్ది."

నేను ఇంజనీరింగ్ శాఖలో పని చేసి రిటైరైనవాణ్ణి. మర్యాదగా తలూపి, వైరు ఉన్న థర్మామీటరు మూతకి ఆనించాను. అంకె ఎక్కుతూనే ఉంది. బండి ఆపి పావుగంటయింది.

"మరేం చెయ్యమంటావు పెద్దమ్మా?" మా ఆవిడ అడిగింది.

"పాకలోకి రండి."

పాకలో ఒకవైపు అప్పుడే దింపిన పచ్చికాయలు, ఎదురువైపు గడ్డి కప్పిన కుప్పలు. ఆవిడ ఒక కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, కళ్ళు మూసుకుని, "ఇది రేపటికి," అంది. పక్కదాంట్లో దూర్చి, "ఇది ఇప్పుడే ఇప్పాలి," అంది. విప్పింది. లోపల చిన్నరసాలు పసుపు తిరిగి ఉన్నాయి. వాటి ఆవిరి నా మొహానికి కొట్టింది.

"ఈ వేడి కుప్పలు గాలి పోయేవైపే ఉంచుతామండి. గాలి ముందు పచ్చికాయల మీదుగా రావాలి, వీటి మీదుగా పోవాలి. తిరగబడితే వీటి ఆవిరికి అవి కూడా మాగిపోతాయి."

నేను పరుగు లాంటి నడకతో బండి దగ్గరికి వెళ్ళాను. పైరగాలి అప్పుడే లేస్తోంది. బండి మూతి సరిగ్గా గాలికి ఎదురుగా ఉంది. అంటే ఏ సందులోంచి గాలి దూరినా వేడినంతా మంచం మీదికి నేనే తోలుతున్నానన్నమాట. బండి తిప్పి, వెనక తలుపులు గాలికి ఎదురుగా తెరిచాను. ముందు తలుపులు రెండూ బార్లా తెరిచాను. ఇంజిన్ ఆపి, మూత కొద్దిగా ఎత్తి పుల్ల పెట్టాను. గాలి మంచం మీదుగా వచ్చి, ఇంజిన్ మీదుగా బయటికి పోవడం మొదలుపెట్టింది.

నా వెనకే వచ్చిన పెద్దావిడ ముందు తలుపు మెట్టు మీద కూర్చుని, చెయ్యి ఇందాకటిలాగే మూతకి దగ్గరగా గాల్లో పట్టుకుంది. నేను అంకెలు చూస్తున్నాను. ఎక్కుతోంది. ఇంకా ఎక్కుతోంది. చాలాసేపయ్యాక, థర్మామీటరు వైపు కన్నెత్తకుండా ఆవిడ అంది.

"తిరిగింది."

అంకె ఒక్క క్షణం నిలబడింది. తర్వాత ఒకటి తగ్గింది.

నా చేతిలో పరికరం ఉంది, ఆవిడకి చెయ్యే పరికరం. ఎన్ని వేసవులు, ఎన్ని కుప్పలు ఆ వేళ్ళలోకి దిగితే ఆ ఒక్క మాట వచ్చిందో. ఏమీ జరగనట్టు లేచి, కొంగు దులుపుకుని, "కాయలు ఏరాలి," అని వెళ్ళిపోయింది.

చీకటి పడేలోగా మూత చెయ్యి ఆనించేంత చల్లబడింది. మా ఆవిడ మంచం మీద నడుం వాల్చింది. గాలికి తెర ఆమె పాదాల మీద ఆడుతోంది. బస్సు సంగతి నేను ఎత్తలేదు. ఎత్తితే ఆమె జవాబు చెప్పాల్సి వస్తుంది గదా.

కాసేపటికి ఆమే లేచి, బండి దిగి, పాక గుమ్మం దగ్గర నిలబడింది.

"పెద్దమ్మా, రేపు మేం ఉంగుటూరు వైపు ఆగుతాం. అక్కడ సాయంత్రం గాలి ఎటునుంచి వస్తుంది?"

"కోతలైపోయిన చేలేగా అమ్మగారూ. ఇక్కడిలా చెట్ల అడ్డం లేదు. దక్షిణానికి తోక పెట్టుకోండి."

"దక్షిణానికి," అంది మా ఆవిడ నా వైపు తిరిగి. "గుర్తు పెట్టుకోండి. మీరు మర్చిపోతారు."