ఖదీర్ చాచా కోట కాపలా

2011. సిద్దిపేటలో మా వీధి నెట్ సెంటర్‌లో నేను టైపిస్టును. మనుషులతో మాట్లాడాలంటే నాకు బెరుకు. వాళ్లు చెప్పింది టైపు చేయడం తేలిక.

దర్జీ ఖదీర్ చాచా రోజూ మధ్యాహ్నం వచ్చి ఒక ఆన్‌లైన్ ఆట ఆడేవారు. అందులో బొమ్మలుండవు. ఒక్కొక్కరు ఒక పాత్రను తీసుకుని, అది ఏం చేసిందో రాయాలి. చాచాది కోట కావలివాడి పాత్ర. ఆయన తెలుగులో చెబితే నేను ఇంగ్లీషులో టైపు చేసేదాన్ని. ఏం చెప్పినా చివరి మాట ఒకటే: "పొద్దుమీకి బిడ్డ జేబా రొట్టెలు తెచ్చిందని రాయి బేటీ."

ఈ ఆట ఆయనకెవరు నేర్పారో నేను అడగలేదు.

"ఏం చాచా, అంగి కుట్టమంటే కోట కాస్తున్నవ్?" అనేవాడు ఓనర్ మల్లేశన్న.

"నీ పొట్టకు గుండీలు ఆగయి గని, గీ కోటనే నయం."

ఆ ఆటలోని లోకానికి ముందే రాసిపెట్టిన చరిత్ర, కట్టుబాట్లు ఉంటాయి. వాటిని లోర్ అంటారు. లోర్ దాటి రాస్తే మోడరేటర్, అంటే ఆటను నడిపే మనిషి, కొట్టేస్తాడు. నేను దాన్నంతా ప్రింటు తీసుకుని నవలలా చదివాను.

సకల జనుల సమ్మెలో కరెంటు సరిగా లేక సెంటర్ మూడు వారాలు మూతపడింది. తెరిచిన రోజున మోడరేటర్ హెచ్చరిక కనిపించింది: కావలివాడు చోటు విడిచాడు, గంటలో కారణం రాయకపోతే పాత్ర రద్దు. సమ్మె అని రాయలేం, ఆ లోకంలో సమ్మెలు లేవు. లోర్ ఒప్పుకునే కారణం ఒక్కటే: ఇంట్లో చావు. కావలివాడి ఇంట్లో ఉన్నది కూతురొక్కతే.

చాచా దుకాణం నాలుగు గడపల అవతలే. బజారులో అందరి ముందు నిలబడి అడగడానికి జంకాను. జేబా జ్వరంతో చనిపోయిందని రాసేశాను. బాగా రాశానని కూడా అనుకున్నాను.

చాచా రాగానే గర్వంగా చదివి వినిపించాను. ఆయన కుర్చీలో కూర్చోలేదు.

"జేబాను సంపినవా బేటీ?"

"ఆటలోనే కదా చాచా."

"ఆటల్నే ఉండె. ఇంట్ల లేదు. పోయినేడు బంద్ నాడు జరం ముదిరింది. పట్నం దవాఖానకు బండి దొర్కలే. గీ ఆట నేర్పింది గూడ గా పిల్లనే."

తెర వైపు వేలు చూపి, "తీసెయ్," అన్నారు.

మోడరేటర్‌కు ఉన్న సంగతంతా రాశాను. జవాబు మర్యాదగానే వచ్చింది: పోయినవాళ్లు తిరిగి రారు, లోర్‌లో మొదటి కట్టుబాటు అదే. అది నాకూ తెలుసు. అప్పటికే మిగతా పాత్రలు కోట వాకిట్లో జేబా కోసం దీపాలు పెడుతున్నాయి.

"తెర మీద ఏమున్నా, మీకు రోజూ జేబా వచ్చిందనే చదువుతా చాచా," అన్నాను.

"అందరికీ తెల్సినంక నాకొక్కనికి అబద్ధం జెప్తవా?"

మళ్లీ ఆయన రాలేదు. దుకాణం ముందు నుంచి వెళ్తే మిషన్ మీంచి తల ఎత్తేవారు కాదు.

ఎవరి తరఫున రాసినా వాళ్లను అడిగి రాయాలని అప్పుడు తెలిసింది. ఇప్పుడు చిన్న దరఖాస్తులోనైనా ప్రతి పేరూ ఎవరిదో అడుగుతాను. దానివల్ల ఖదీర్ చాచాకు ఒరిగిందేమీ లేదు.