ముసలయ్య తెచ్చిన క్రాంకు

భీమవరంలో లేతు షాపు నడిపే వీరబ్రహ్మానికి అనుమానం పుట్టుకతోనే వచ్చింది. కూరగాయల తక్కెడను నమ్మడు, గుళ్ళో పెట్టిన ప్రసాదమైనా వాసన చూసిగానీ నోట్లో వేసుకోడు. అలాంటివాడి ముందు, 1998 వేసవిలో, ముసలయ్య కారు ఇంజనుకు ఇరుసులాంటి పాత క్రాంకుషాఫ్టు ఒకటి తెచ్చి పెట్టాడు. ఇక చెప్పాలా!

ముసలయ్య ఒకప్పుడు శ్రీనివాసరాజు గారి ల్యాండ్‌మాస్టర్ కారుకు డ్రైవరు. ఎనిమిదేళ్ళ కిందట ద్రాక్షారామం వెళ్ళొస్తుంటే ఇంజను దడదడలాడి ఆగిపోయింది. బ్రహ్మం విప్పి చూసి, "ఆయిలు చూసుకోకుండా తోలేశాడండి" అన్నాడు. ఆ ఒక్క మాటతో ముసలయ్య ఉద్యోగం ఊడింది, కారు షెడ్డులో పడింది. అప్పట్నుంచీ అతను రాజమండ్రిలో పాత సామాన్లు అమ్ముకు బతుకుతున్నాడు. ఇప్పుడు రాజుగారికి మళ్ళీ కారు మీద మనసైంది. "మంచి క్రాంకు తెస్తే స్టీరింగు నీదే. పాడుది అంటగట్టావో, నా గుమ్మం తొక్కకు" అని ముసలయ్యకు తేల్చి చెప్పి, పరీక్షించే పని బ్రహ్మానికి అప్పజెప్పారు.

ముసలయ్య కసి తీర్చుకోవడానికే వచ్చాడని, ఎక్కడో పగులు దాచే ఉంటాడని బ్రహ్మానికి గట్టి నమ్మకం.

గుమ్మం దగ్గర కుర్చీలో రాజుగారు చూస్తుండగా, క్రాంకును తాడుతో వేలాడదీసి సుత్తితో తట్టాడు. పగులు లేని ఇనుములా ఖణేల్‌మంది. రాడ్లు పట్టుకునే గుండ్రటి పిన్నులన్నీ మైక్రోమీటరుతో కొలిచాడు. వంక దొరకలేదు. దొరక్కపోయేసరికి ఒళ్ళు మండింది. కిరోసిన్ పూసి, శుభ్రంగా తుడిచి, పైన ముగ్గుపిండి చల్లాడు. పగులంటూ ఉంటే అందులో ఇంకిన కిరోసిన్ ఊరి, పిండి మీద తడిగీత పడుతుంది. పావుగంట చూశాడు. గీత లేదు.

"ఇంకా ఏం చూస్తారండీ?" అన్నాడు ముసలయ్య.

"ఈ పిండిలోనే ఏదో తేడా ఉంది."

పిండిని పరీక్షించడానికి, షాపు మూల ఎనిమిదేళ్ళుగా పడి ఉన్న రాజుగారి పాత క్రాంకు లాగాడు. దానికీ కిరోసిన్ పూసి, తుడిచి, పిండి చల్లాడు. కాసేపటికి రెండో పిన్ను మూలన సన్నటి తడిగీత తేలింది.

బ్రహ్మం వేలితో తడిమి చూశాడు. నున్నగా వంపు తిరిగి ఉండాల్సిన పిన్ను మూల కత్తితో కోసినట్టుంది. అలాంటి చోటే ఇనుము చీలుతుంది. కారు ఆగడానికి నెల ముందు ఆ పిన్నులు సానపట్టింది తనే. ఆనాడు డ్రైవర్ని అనుమానించాడు, ఆయిలు అమ్మినవాణ్ణీ అనుమానించాడు. తన చెయ్యి మీద మాత్రం అనుమానం రాలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. చేతిలో గుడ్డ ఉంది. ఒక్కసారి తుడిచేస్తే ఎవరికీ తెలియదు.

రాజుగారు ఓపిక పట్టలేక అడిగారు. "ఏంటి బ్రహ్మం, మోసమేనా?"

"మోసమేనండి."

ముసలయ్య మొహం పాలిపోయింది.

"ఇతను తెచ్చింది కాదండి, ఇది బంగారంలా ఉంది. ఎనిమిదేళ్ళ కిందట నేను చేసిందండి మోసం. ఆయిలు తప్పు కాదు, నా సాన తప్పు. నింద మాత్రం ఇతని మీద వేశాను."

ముసలయ్య నేల మీద కూలబడ్డాడు.

"మా ఆవిడ పోయేదాకా నేనే ఆయిలు చూసుకోలేదని నమ్మిందండి" అన్నాడు.