కారు తాగే మంచినీళ్లు

గుర్వయ్య నోట్లో నాలుక లేనివాడని దేవరకొండ వైపు ఆ చిన్న ఊళ్లో ఎవరినడిగినా చెప్పేవారు. తాతల నాటి నుంచి గొర్లు కాసిన ఇంట్లో పుట్టి దొర కారుకు డ్రైవరయ్యాడు. పదేళ్లలో దొర ముందు తల ఎత్తింది లేదు. అలాంటివాడు పంతొమ్మిది వందల అరవై రెండులో, నడి ఎండాకాలంలో, నడిరోడ్డు మీద నోరు విప్పాడు.

ఆ ఊళ్లో బావులు మూడు. రెండింటివి ఉప్పునీళ్లు. వాటితో పప్పు ఉడికి చావదు, సబ్బు నురగ రాదు. మూడో బావి దొర తోటలో ఉంది. నీళ్లు తియ్యన, గేటుకు తాళం. ఆ ఉప్పునీళ్లే తాగి ఊరంతా పళ్లు గారపట్టి, నడుములు బిగుసుకుపోయి కుంటుతున్నా ఆ తాళం మాత్రం నూనె పూసుకుని నిగనిగలాడేది. గుర్వయ్య తల్లి జానమ్మకు యాభై నిండకముందే మెడ పట్టేసింది. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే పాపం మనిషి మొత్తం తిరగాల్సి వచ్చేది.

కారు కూడా మొదట్లో ఊరి నీళ్లే తాగింది. ఏళ్లు గడిచాక ఒకనాడు మల్లేపల్లి దారిలో పొగలు కక్కి ఆగిపోయింది. పట్నం నుంచి వచ్చిన మేస్త్రీ రేడియేటర్ విప్పి, గొట్టాల్లో పేరుకున్న తెల్లటి గారను పుల్లతో గీకి చూపించాడు. ఈ నీళ్లే పోస్తే ఇంజన్ పాడైపోతుందన్నాడు. ఊరి నడుములు వంగినప్పుడు చలించని దొర మనసు అప్పుడు తరుక్కుపోయింది. పదిహేను రోజులకోసారి పాత నీళ్లు వదిలేయాలి, తోట బావి నుంచి ఒక బిందెతో కడగాలి, ఇంకో బిందెతో నింపాలి అని హుకుం చేశాడు.

ఆ తెల్ల గార గుర్వయ్యకు కొత్త కాదు. ఇంట్లో నీళ్లు కాచే కుండ అడుగున రోజూ చూసేదే. ఇనుమే తట్టుకోలేని నీళ్లను ఎముక ఎట్లా తట్టుకుంటుంది? తెగించి, తల్లికి వారానికి ఒక్క బిందె ఇప్పించమని అడిగాడు. దొర పడక్కుర్చీలోంచి కదలనైనా లేదు.

“ఇయ్యాల నీకిస్తే రేపు ఊరంత కడవలు వట్టుకొని గేటుకాడ నిలవడ్తది. పో, కారు తుడువు.”

ఎంత మాట! ఆ బావి తవ్వింది ఊరు. కూలి లేదు, గంజి లేదు, వెట్టి చేయించారు. గుర్వయ్య తండ్రి మన్ను మోసిన తట్ట ఇంకా ఇంటి చూరులోనే ఉంది.

తర్వాతి సారి గుర్వయ్య ఇంజన్ చల్లారాక రేడియేటర్ అడుగున నల్లా తిప్పి, తుప్పు నీళ్లన్నీ వదిలేశాడు. ఊరి బావి నీళ్లతోనే కడిగి, అవే నింపాడు. తోట నీళ్లు రెండు బిందెలూ పట్టపగలే ఇంటికి మోసుకుపోయాడు. కావలి ఐలేశం కారు నీళ్లేనా అని అడిగితే, కారు నీళ్లేనన్నాడు. ఆ రోజు కందిపప్పు మెత్తగా ఉడికిందని జానమ్మ ఇరుగుపొరుగును పిలిచి మరీ చూపించింది. మెడ మాత్రం తిరగలేదు. అది ఇక తిరిగేది కాదు.

పదిహేను రోజులకోసారి ఇదే నడిచింది. ఏడాది దాటాక, కలెక్టరును కలవడానికి పోతుంటే, అదే మల్లేపల్లి దారిలో కారు మళ్లీ పొగలు కక్కింది. దొర దిగి, నా తోట నీళ్లు ఏమైనయ్ రా అని అరిచాడు.

“మా అమ్మ తాగింది, దొరా,” అన్నాడు గుర్వయ్య. మొదటిసారి తల ఎత్తాడు. “కారుకైతే పట్నంల కొత్త రేడియేటర్ దొరుకుతది. మా అమ్మకు మెడ ఏ దుకాన్ల దొరుకుతది?”

దొర చెయ్యెత్తాడు గానీ దించాడు. రోడ్డు మీద జనం నిలబడి చూస్తున్నారు. గుర్వయ్య కారు తాళంచెవి బానెట్ మీద పెట్టి, ఎండలో ఇంటి దారి పట్టాడు.

ఇంటికి చేరేసరికి బిందెలో ఒక్క చెంబెడు మంచినీళ్లు మిగిలాయి. కొడుకు ముఖం చూసి జానమ్మ ఆ చెంబే అందించింది. గుర్వయ్య దాన్ని తల్లి పక్కనే పెట్టి, పెరట్లోకి పోయి, ఉప్పునీళ్ల తొట్టిలో దోసిలి ముంచాడు.