నాలుగో నంబరు

వాతావరణ కార్యాలయంలో వాన కొలిచే ఆవిడ ఉదయం ఎనిమిదికల్లా కళ్లద్దాలు తుడుచుకుని, ఫోన్ లైను మీద లెక్కలు పంపే మోడెం ముందు కూర్చుంటుంది. దాని వేగం, చప్పుడు తనకు నచ్చినట్టు అమర్చి అందులోనే దాచిపెట్టుకుంది. వాటినెవరైనా కదిపితే ఊరుకోదు. ఆ పెట్టెలో నాలుగు ఫోన్ నంబర్లు పడతాయి. మూడు ఆఫీసువి, నాలుగోది అక్కది. అమ్మ కుట్టుమిషన్ ఎవరికి చెందాలన్న దగ్గర మాటామాటా పెరిగి, రెండేళ్లుగా అక్కాచెల్లెళ్లకు మాటల్లేవు. అయినా ఆవిడ ఆ నంబరు చెరపలేదు, దానికి ఫోన్ చేయనూ లేదు.

ఒకరోజు లెక్క పంపబోతుండగా పెద్ద తుమ్ము వచ్చి, మూడు నొక్కాల్సిన వేలు నాలుగు నొక్కేసింది. మోడెం స్పీకర్లోంచి "హలో, ఎవరూ?" అంటూ అక్క గొంతు గదంతా వినిపించింది. ఆవిడ గబుక్కున పక్కనున్న ఫోన్ రిసీవర్ ఎత్తింది.

"నేనేనక్కా. కావాలని చెయ్యలేదు, మిషనే కలిపేసింది."

"ఏ మిషనే? కుట్టుమిషనా?"

అనేసి అక్కే ముందు పకపకా నవ్వేసింది.

ఆ పూట వానలెక్క నలభై నిమిషాలు ఆలస్యంగా వెళ్లింది. ఎందుకని పైఅధికారి అడిగితే, ఆవిడ తడి కళ్లతోనే నవ్వుతూ, "లైను బిజీగా ఉందండీ" అంది.