దారం జారకముందే

మొన్న నంద్యాల బస్సులో పక్క సీటు అమ్మాయి గోళ్ల రంగు సీసా మూత తీసింది. ఆ ఘాటు వాసనకు నా బొటనవేలు చల్లబడిపోయింది. షరీఫ్ సార్ గది నిండా అదే వాసన ఉండేది. నంద్యాలలో ఫిజిక్స్ చెప్పే ఆయన, సెలవుల్లో మా చేత తేలిక చెక్కతో, పల్చటి కాగితంతో గ్లైడర్లు చేయించి, కాగితం బిగుసుకోవడానికి అలాంటి ఘాటు వార్నీషే పూయించేవారు. డెబ్బైల్లో నేను ఆయన శిష్యురాలిని. ఆ తర్వాత నేను ఆళ్లగడ్డలో సైన్సు టీచరుగా చేరితే, ఆయన అక్కడ పలు ఊళ్ల పిల్లలకు గ్లైడర్ పోటీ పెట్టి, తన స్టాప్‌వాచీ ఇచ్చి నన్ను టైం చూడమన్నారు.

ఇంజను లేని ఆ చిన్న విమానాన్ని గాలిపటంలా దారంతో లాగుతూ పరుగెత్తాలి. పైకి చేరాక దారం కొక్కెం నుంచి జారిపోతుంది. ఎక్కువసేపు గాలిలో ఉన్నదే గెలిచినట్టు. టైం ఎప్పటినుంచి లెక్కపెట్టాలని ముందురోజు టీచర్లందరం గంటసేపు వాదించుకున్నాం. పరుగు మొదలైనప్పటి నుంచే అన్నాను నేను, చూడటానికి సులువని.

"దారం ఉన్నంతసేపు పిల్లోడు లాగుతాండాడు గదమ్మా. జారినాకనే అది సొంతంగా ఎగిరేది. అప్పుడు నొక్కాల," అన్నారు సార్. ఎండెక్కితే వేడిగాలి పైకి మోస్తుందనీ, అందుకే ఎవరు ముందో ఎవరు వెనకో చీటీలు తీయాలనీ కూడా ఆయనే పట్టుబట్టారు. ఇంత చాదస్తమా అని మేం చాటుగా నవ్వుకున్నాం.

పోటీ రోజు, ఊళ్లో అందరూ భయపడే ఒక పెద్దాయన రెండు జీపులతో వచ్చి సరిగ్గా నా వెనక కుర్చీ వేయించుకున్నాడు. ఆయన కొడుకూ పోటీలో ఉన్నాడు. అప్పటికి వెలుగోడు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ముందుంది.

"మావాని టైం బాగా చూడు మేడమ్," అన్నాడాయన మెల్లగా.

అంతకుమించి ఒక్క మాట అనలేదు. కుర్రాడు పరుగందుకోగానే, దారం ఇంకా బిగువుగా ఉండగానే, నా బొటనవేలు నొక్కేసింది. అలా అదనంగా కలిసిన నాలుగు సెకన్లతోనే వాడు గెలిచాడు.

సార్ నా దగ్గరికి వచ్చారు. "ఎప్పుడు నొక్కినావమ్మా?"

"దారం జారినాకనే సార్."

ఆయన నా వెనకున్న కుర్చీవైపు ఒకసారి చూశారు. స్టాప్‌వాచీ తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, అందరికీ వినబడేలా అన్నారు. "ఈ వాచీ సరిగా లేదు. తెచ్చింది నేను, తప్పు నాది. వీళ్లిద్దరూ మళ్లీ ఎగరేయాల."

పెద్దాయన లేచాడు. "మావోడు గెలిచినాడని మళ్లీ పెడతాండావా సారూ?"

"ఎట్ల గెలిచినాడో తెలీలేదన్నా. అందుకే."

ఈసారి తన చేతి గడియారంతో సారే టైం చూశారు. వెలుగోడు అమ్మాయి గెలిచింది. జీపులు వెళ్లిపోయాయి. సార్ క్షేమంగా ఇల్లు చేరారని తెలిసేదాకా నేను అన్నం ముట్టలేదు.

నెల తిరక్కుండా ఆయన్ను జూపాడు బంగ్లా అనే ఊరికి బదిలీ చేశారు. సామాన్లు సర్దుతుంటే, నిజం చెప్పేయాలనే వెళ్లాను. చెప్పకుండా ఆయన పుస్తకాలు కట్టలు కడుతూ ఉండిపోయాను. ఆయనే అన్నారు, "ఆడ భయపడితే పడితివి. నాకన్నా చెప్పింటే బాగుండు గదమ్మా."

తర్వాత మా బడిలో ఏ గడియారం తప్పు చూపినా "షరీఫ్ సార్ వాచీ" అని వేళాకోళం చేసేవారు. నేనూ నవ్వేదాన్ని. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

సార్ పోయి చాలా ఏళ్లయింది. వాచీ బాగానే ఉందని, ముందే నొక్కింది నేనేనని ఇప్పుడు రాస్తున్నాను. ఆ పెద్దాయనా పోయాడు. ఆయన పేరు కూడా రాద్దామనుకున్నాను. రెండుసార్లు రాసి, రెండుసార్లూ కొట్టేశాను.